నీలం ఎక్కే చోటు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
ఫ్యాను వేస్తే ఎగిరిపోతుందని
చెమటలోనే కోస్తాను
మైనం దిమ్మలో కూర్చున్న మనిషి ముక్కని
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా.

గోరువెచ్చటి నీళ్లమీద పొర తేలుతుంది.
దాన్ని గాజుపలక మీదికి పట్టుకోవడమే
పన్నెండేళ్లుగా నా వేట.

ఈరోజు చీటీ మీద పేరు సూరాడ బైరాగి.
యాభై రెండు. బారువ దగ్గర ఊరు.
మూత్రపిండంలోంచి సూదిలో వచ్చింది
విరిగిన సేమియా పుల్లంత.

ఈయన్ని మొన్న వరండాలో చూశాను.
బెంచీ మీద, ఒళ్లో నైలాను వల,
చేతిలో దారం చుట్టిన వెదురుబద్ద.
"ఆస్పత్రిలో కూడా ఏటి బాబాయ్ ఇది?"
"సేతులూరుకోవు తల్లీ.
వలంటే ఏటనుకున్నావు? దారం కాదు, కన్నం.
కన్నం ఎంతుండాలో దారం సెప్తాది, అంతే."

మా మాస్టారు కణం, కణం అంటూ
ఏడాదంతా గుండ్రాలు గీశారు.
గుండ్రాల మధ్య చోటుని
బోర్డు మీద నల్లగా వదిలేశారు.
కణజాలం అన్న మాటలో
సగం జాలమేనని
నాకు తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ నలుపులో ఎన్ని ఉన్నాయో!
మూడు పేటలు మెలిపడ్డ కొలాజెన్ తాళ్లు,
ఉద్దానం కొబ్బరి మోకులకి చిన్న తమ్ముళ్లు;
లాగితే సాగి, వదిలితే
తన చోటికి తాను వచ్చేసే పోగులు;
నానిన సబ్జాగింజ చుట్టూ ఉన్నట్టు
నీళ్లు తాగి ఉబ్బిన జిగురు.
అన్నీ కణాలే నేసి, బయట పరుచుకున్నవి.
పరుచుకున్నాక వాటినే పట్టుకుని బతుకుతాయి.
పట్టు తప్పిన కణాన్ని ఎవరూ చంపక్కర్లేదు,
తనంతట తానే చచ్చిపోతుంది.
కింద ఉన్నది మెత్తనో గట్టో
తడిమి చూసుకుని మరీ మారుతుంది,
మునిగి అడుగు తాకి
ఇసకా, రాయా అన్నది
అరికాలితో చెప్పే జాలరిలా.

మూత్రపిండంలోనూ ఉందొక వల.
నెత్తుట్లో మాంసకృత్తుల్ని ఆపి
నీటిని పోనిచ్చే వల.
బైరాగి వేటకెళ్లిన రాత్రీ
వెళ్లని రాత్రీ
అది మాత్రం నీళ్లలోనే ఉంది.

రంగులు వేశాను.
కణాలకి ఎరుపు, జాలానికి నీలం.
బాగున్న ముక్కలో నీలం
కాటుక గీతంత.
కంటికి అద్దం ఆనించాను.
ఎరుపు ఎక్కడో చిన్న చిన్న దీవులు.
మిగతాదంతా బారువ సముద్రం.

ఎక్కడో చిరిగింది, ఎప్పుడో.
లోపలి కుట్టుపనివాళ్లు వచ్చి కుట్టారు.
మంచిపనే.
చాలు అని ఎవరూ అనలేదు వాళ్లతో.
కుట్టు మీద కుట్టు, కుట్టు మీద కుట్టు.
కన్నాలు పూడిపోయాయి.
వల గుడ్డయిపోయింది.

నీళ్లా, ఎండా, మట్టా?
ఉద్దానం ఊళ్లన్నీ అడుగుతున్నదే
నేనూ అడుగుతాను, అద్దంలోకి వంగి.
కారణానికి ఎక్కే రంగు
నా సీసాల్లో లేదు.

నా బొటనవేలి మీద బ్లేడు తెగిన మచ్చ.
అదే దారం, అదే పనితనం.
ఇక్కడ ఇంతతో ఆగింది.
ఎవరు చెప్పారో ఆగమని.

సాయంత్రం మెట్ల దగ్గర ఎదురయ్యాడు.
"నా ముక్కలో ఏటగుపడింది తల్లీ?"
"డాక్టరుగారు చెప్తారు బాబాయ్."
ఈ మాట నాకు కంఠస్థం.
గొంతు దాటడానికి మాత్రం
ఈసారి కాస్త టైము పట్టింది.

ఆయనేమీ అనలేదు.
ట్యూబులైటుకి ఎదురుగా వల ఎత్తి పట్టి
రెండు వేళ్లు దూర్చి
ఒక్కో కన్నం కొలుచుకుంటూ పోయాడు.
ఒకచోట ఆగాడు.
బిగుసుకుపోయిన ముడిని
పళ్లతో పట్టి
మెల్లగా, చాలా మెల్లగా
విప్పుతున్నాడు.